చిల్లచెట్టును వేరుతో పీకే లివరుకు ఏ ఇనుము వాడాలి?

కిందటి సంచికలో సర్కారు తుమ్మ మొక్కలను వేరుతో సహా పెకలించే చేతి లివరు బొమ్మ వేశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడిగాయి: ఏ భాగానికి ఏ ఇనుము? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

బొమ్మ చూడనివారి కోసం రెండు ముక్కలు. ఈ పనిముట్టుకు కింద ఒక పాదం ఉంటుంది. దాని మీద ఆని తిరిగే పొడవాటి పిడి ఉంటుంది. పిడి కింది కొసన రెండు దవడలు: ఒకటి పిడికే అతికినది, రెండోది చీల మీద తిరిగేది. మొక్క మొదలును నేలకు ఆనించి దవడల మధ్య పెట్టి, పిడిని మనవైపు కిందికి లాగితే ముందు దవడలు బిగుస్తాయి, తర్వాత మొక్క వేరుతో లేస్తుంది. ఆనిక (పిడి పాదం మీద ఆని తిరిగే చోటు) నుంచి చేతిపట్టు దాకా 1.3 మీటర్లు, ఆనిక నుంచి దవడ దాకా 15 సెం.మీ. మొదలు 35 నుంచి 40 మి.మీ. మందం లోపున్న మొక్కలకు మాత్రమే ఇది. అంతకు మించిన చెట్టుకు గడ్డపార, గొడ్డలి, లేదంటే జేసీబీ.

ప్రకాశం, గుంటూరు వైపు చిల్లచెట్టు అన్నా, తెలంగాణలో సర్కారు తుమ్మ అన్నా, మరోచోట సీమ తుమ్మ అన్నా అదే మొక్క. 1870ల చివర్లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. మన దేశంలో దీని చరిత్ర అక్కడ మొదలైంది. నేలమట్టానికి నరికితే మట్టికింద ఉన్న వేరు మెడ మీది మొగ్గల నుంచి ఒకటికి పది కొమ్మలు లేస్తాయి. అందుకే నరకడం కాదు, పీకడం.

*

ప్రశ్న: మా ఊరి వెల్డింగు షాపులో ఒక అంగుళం జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపుతో పిడి చేసి ఇచ్చారు. రెండో రోజే ఆనిక దగ్గర వంగిపోయింది. ఇంకా మందపు పైపు వేయాలా, లేక గడ్డపారలాంటి గట్టి కడ్డీ వేయాలా? – ఒక రైతు, కనిగిరి

జవాబు: మీ పైపు వంగడంలో ఆశ్చర్యం లేదు. లెక్క చూద్దాం. మామూలుగా మనిషి 50 కిలోల దాకా బరువు వేసి లాగుతాడు. వేరు మొండికేసినప్పుడు ఒళ్లంతా పిడి మీద వేస్తాడు. అప్పుడు 70 కిలోలు అనుకోవాలి. 1.3 మీటర్ల పిడి చివర 70 కిలోలంటే ఆనిక దగ్గర వంపు బలం సుమారు 890 న్యూటన్ మీటర్లు. మీడియం రకం ఒక అంగుళం పైపు బయటి కొలత 33.7 మి.మీ., మందం 3.2 మి.మీ. ఆ బలానికి దాని మీద చదరపు మి.మీ.కు 417 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తని ఇనుము) 240, 250 దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది.

ఒకటింపావు అంగుళం మీడియం పైపు వేస్తే ఒత్తిడి 248కి దిగుతుంది. అంటే సరిగ్గా గీత మీద నిలబడినట్టు. ఒక కుర్రవాడు ఎగిరి పిడి మీద వేలాడితే అదీ పోతుంది. గట్టి కడ్డీ ఇంకా దండగ: 25 మి.మీ. గుండ్రటి కడ్డీ మీటరుకు 3.85 కిలోలు తూగుతుంది, అయినా దాని మీద ఒత్తిడి 580 దాటుతుంది. వంపును ఆపేది లోపలి ఇనుము కాదు, నడిమి నుంచి దూరంగా ఉన్న ఇనుము. కడ్డీ మధ్యలో ఉన్నదంతా మనం మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మా సిఫార్సు 40×40 మి.మీ. చదరపు పైపు, గోడ మందం 3 మి.మీ. మీటరుకు 3.3 కిలోల చిల్లర. అదే 70 కిలోలకు ఒత్తిడి 175. దాదాపు మూడో వంతు బలం మిగులు. చదరపు పైపుకు ఇంకో లాభం ఉంది. దవడ పట్టీలు, ఆనిక చెవులు (బోల్టును రెండు పక్కలా పట్టే పలకలు) చదునుగా కూర్చుంటాయి, వెల్డింగు నిండుగా పడుతుంది. గుండ్రటి పైపుకు చేప నోరులా కోసి అతకాలి, అది చేయి తిరిగిన పనివాడికే కుదురుతుంది. కొనేటప్పుడు మందం వెర్నియర్‌తో కొలిచి చూడండి. 3 అని చెప్పి 2.5 అంటగట్టడం మామూలే. మందం అర మి.మీ. తగ్గితే బలం ఇంచుమించు ఏడో వంతు పడిపోతుంది.

మూడు తప్పులు మాత్రం చేయకండి. ఒకటి, ఆనిక బోల్టు రంధ్రాన్ని పైపు పైముఖంలోనో కిందిముఖంలోనో వేయకండి. వంపు అంతా ఆ రెండు ముఖాల మీదే ఉంటుంది. పక్క ముఖాల నడిమధ్యలో వేయండి. రెండు, ఆనిక దగ్గర పైపుకు అడ్డంగా చుట్టూ వెల్డింగు పోయకండి. పగులు మొదలయ్యేది ఆ గీత అంచునే. చెవులను పైపు పొడవునా పక్కల మీద అతికి, కొసలను ఏటవాలుగా కోయండి. మూడు, జి.ఐ. పైపే దొరికితే, వెల్డు చేసే చోటుకు రెండు పక్కలా 50 మి.మీ. మేర జింకు పూతను గ్రైండరుతో తీసేయాలి. జింకు పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో అసలు చేయకండి.

గట్టి ఉక్కు పైపు ఎందుకు చెప్పడం లేదని కొందరు రాశారు. పిడి విరగకూడదు, వంగాలి. మెత్తని ఎం.ఎస్. ముందు వంగి చెబుతుంది, మనిషి ఆగుతాడు. గట్టిదైతే వెల్డు పక్కన చెప్పకుండా తెగుతుంది. పిడి మీద ఒళ్లంతా వేసిన మనిషి ముళ్ల కంప మీదికి పడతాడు.

*

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ప్రాజెక్టుకు ఈ పనిముట్టు తీసుకున్నాం. దవడలకు ఎం.ఎస్., ఇ.ఎన్.8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు), లారీ కమాను పట్టీ, స్టెయిన్‌లెస్ నాలుగూ పోల్చమన్నారు. ఏది ఎక్కువ గట్టిగా ఉంటే అది మంచిదే కదా? – విద్యార్థులు, నంద్యాల

జవాబు: కాదు. దవడకు పని దేనితో పడుతుందో ముందు చూడండి. పచ్చి తుమ్మ కర్ర ఎంత గట్టిదైనా ఎం.ఎస్. కంటే మెత్తనిదే. కర్రను పట్టుకున్నందుకు దవడ అరగదు. అరగదీసేది ఇసుక. ఇసుకలోని క్వార్ట్‌జ్ గట్టిపరచిన ఉక్కును కూడా గీస్తుంది. కాబట్టి మట్టిలోకి దిగే కొస, అంటే కింది అంచు 30, 40 మి.మీ. మాత్రమే గట్టిగా ఉండాలి. మిగతా దవడ చీలిపోకుండా, విరగకుండా ఉంటే చాలు.

అందుకే మేం రెండు ముక్కల దవడ చెబుతాం. ఒళ్లు 12 మి.మీ. మందం ఎం.ఎస్. ప్లేటు, ఐ.ఎస్. 2062 ఇ250 రకం. దాని కొసకు 6 నుంచి 8 మి.మీ. మందపు కమాను పట్టీ ముక్క, రెండు 10 మి.మీ. బోల్టులతో. కొస అరిగితే ముక్క మార్చుకుంటారు, దవడ అలాగే ఉంటుంది. ఊళ్లో కమ్మరి చేతిలో అయ్యే పని.

ఇ.ఎన్.8 చెడ్డది కాదు. కార్బన్ సుమారు 0.4 శాతం, ఎం.ఎస్. కంటే బాగా బలం. ఒకే ముక్కగా దవడ కావాలంటే అదే తీసుకోండి. కానీ వెల్డు చేయాల్సి వస్తే ముక్కను 150 నుంచి 200 డిగ్రీలకు వేడి చేసి, ఆరబెట్టిన ఇ7018 రాడ్లతో అతికి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. మామూలు 6013 రాడ్డుతో చల్లని ఇ.ఎన్.8ను అతికి, తొందరకు నీళ్లు పోస్తే వెల్డు పక్కనే గాజులా పెళుసెక్కిన పొర ఏర్పడుతుంది. వెల్డు నిక్షేపంగా ఉంటుంది, దాని పక్క గీత తెగుతుంది. షాపుల్లో వెల్డు అవగానే తొట్టిలో ముంచే అలవాటు ఉంది. ఎం.ఎస్. దాన్ని ఓర్చుకుంటుంది, ఇ.ఎన్.8 ఓర్చుకోదు.

స్టెయిన్‌లెస్ 304కు ఈ పనిలో చోటు లేదు. ఖరీదు ఎక్కువ, వేడి చేసి గట్టిపరచలేరు, చీల దగ్గర స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే పట్టేసుకుంటుంది. పోత ఇనుము అసలు వద్దు, దెబ్బకు పగులుతుంది.

మీ నివేదికలో లోహం పేరు కంటే పళ్ల ఆకారానికి ఎక్కువ పేజీలు ఇవ్వండి. మొక్క జారిపోవడానికీ, మొదలు దగ్గర తెగిపోవడానికీ లోహం కారణం కాదు, పళ్లు కారణం. పళ్లు కత్తిలా ఉంటే పచ్చి కాండాన్ని కోసేస్తాయి, వేరు నేలలోనే ఉండిపోతుంది. మరీ నున్నగా ఉంటే తొక్క ఊడి జారుతుంది. పన్నుకు పన్నుకు మధ్య 12 మి.మీ., లోతు 5 నుంచి 6 మి.మీ., కొసలను ఆకురాయితో 1 మి.మీ. గుండ్రం చేయండి. దవడ నోరు లోపల కాస్త వంపు ఉంటే కాండం మధ్యలో కుదురుకుంటుంది.

*

ప్రశ్న: లారీ కమాను పట్టీతోటి దవడ కొసలు చేసిన. ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచంగనే రెండిటికి పగుళ్లు వచ్చినయి. మిగిలిన ఒక్కటి గూడ రాయి తగిలి పుటుక్కున విరిగింది. తప్పెక్కడ జరిగింది? – ఒక కమ్మరి, నారాయణపేట

జవాబు: మీరు ఎంచుకున్న ఇనుము మంచిది. తప్పు రెండు చోట్ల ఉంది: నీళ్లు, ఆ తర్వాత పెళుసు తీయకపోవడం.

కమాను పట్టీలో కార్బన్ 0.55, 0.6 శాతం దాకా ఉంటుంది, దానితో సిలికానో మాంగనీసో, కొన్నిట్లో క్రోమియమో ఉంటుంది. ఈ ఉక్కు లోపలి దాకా గట్టిపడే రకం. నీళ్లలో పడగానే పైపొర ఒక్కసారిగా గట్టిపడి బిగుసుకుంటుంది. క్షణం ఆలస్యంగా లోపలి ఇనుము గట్టిపడుతూ ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు పైపొర చీలుతుంది. గొడ్డలికీ కొడవలికీ వాడే మామూలు ఉక్కుకు నీళ్లు చెల్లుతాయి, దీనికి నూనె కావాలి.

ముందు పట్టీని పరీక్షించండి. పాత పట్టీ లక్షల సార్లు ఊగి ఉంటుంది. నడిమి బోల్టు రంధ్రం చుట్టూ, ఒక పట్టీ మీద ఇంకొకటి రాసుకున్న కొసల దగ్గర కంటికి కనపడని పగుళ్లుంటాయి. ఆ చోట్లు వదిలేయండి. మిగతా ముక్కను తోమి, కిరోసిన్ పూసి, పావుగంట ఆగి శుభ్రంగా తుడవండి. మీద సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలి కిరోసిన్ పైకి ఊరి సుద్ద మీద తడి గీత పడుతుంది.

కోసే ముందు, రంధ్రాలు వేసే ముందు మెత్తబరచాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసే దాకా కాల్చి, ఇంకో ఛాయ ఎక్కనిచ్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. తెల్లారి డ్రిల్లు దిగుతుంది. రంధ్రాల అంచులను రెండు పక్కలా గుండ్రం చేయండి. పదునైన అంచు ఉంటే పగులు అక్కడే పుడుతుంది. సాగగొట్టేటప్పుడు మంచి నారింజ రంగులో కొట్టండి, మసక ఎరుపుకు దిగాక సుత్తి ఆపేయండి. ఆ వేడిలో కొడితే లోపల చీలుతుంది, బయటికి తెలియదు.

గట్టిపరచడానికి కొస 40 మి.మీ. మాత్రమే కాల్చండి. అయస్కాంతం వదిలేసిన తర్వాత ఇంకొక్క ఛాయ ఎక్కితే సరి, సుమారు 850 డిగ్రీలు. కళ్లు చెదిరే పసుపు దాకా పోతే ఉక్కు గింజ లావెక్కి పెళుసవుతుంది. ఎండలో రంగు తెలియదు, నీడలో చేయండి. నూనె ఐదు లీటర్లకు తగ్గకుండా, 50, 60 డిగ్రీల వేడిలో ఉండాలి. చల్లని నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. వేరుశనగ నూనె, పామాయిల్ చాలు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొగ ఒంటికి మంచిది కాదు, వద్దు. ముక్కను నిలువుగా దించి, పైకీ కిందికీ ఆడించండి. పక్కలకు ఊపితే వంకర పోతుంది. నూనె మంట అంటుకోవచ్చు, డ్రమ్ము మీద వేయడానికి ఒక రేకు మూత పక్కనే ఉంచుకోండి.

నూనెలోంచి తీశాక ఆకురాయి దాని మీద గాజు మీద జారినట్టు జారాలి. అలా జారితే గట్టిపడినట్టు. కానీ ఇప్పుడది గాజే. మీ మూడో ముక్క రాయికి విరిగింది ఈ దశలో వాడినందుకే. గంటలోపే పెళుసు తీయాలి. కొసను ఇసుకకాగితంతో తెల్లగా మెరిసేలా తోమి, వెనక భాగాన్ని కొలిమి అంచున పెట్టండి. వేడి కొసవైపు పాకుతుంటే రంగులు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి: గడ్డి పసుపు, గోధుమ, ఊదా, నీలం. కత్తికైతే గోధుమ దగ్గర ఆపుతారు. మనకు మట్టి, రాయి, దెబ్బ ఉన్నాయి. నీలం కొసకు చేరి, బూడిద రంగుకు తిరుగుతుండగా బయటికి తీసి గాలిలో వదిలేయండి. ఇప్పుడు ఆకురాయి కాస్త కరవాలి. అసలు కరవకపోతే మళ్లీ వేడి చేయండి. బాగా కరిచేస్తే పదును ఎక్కువ దిగింది, మళ్లీ మొదటి నుంచి.

ఈ ముక్కను దవడకు వెల్డు చేయకండి. మీరు పడ్డ కష్టమంతా వెల్డు వేడికి పోతుంది. బోల్టులే.

*

ప్రశ్న: దవడ చీల మాటిమాటికీ వంగుతోంది. 16 మి.మీ. చాలదా? – వెల్డింగు షాపు యజమాని, మార్కాపురం

జవాబు: 16 చాలు. దవడ దగ్గర లాగుడు 50 కిలోల నొక్కుడుకు 433 కిలోలు, 70 కిలోల కుదుపుకు 600 కిలోల చిల్లర. 16 మి.మీ. చీల రెండు పక్కలా చెవుల మధ్య ఉంటే దాన్ని కోయడానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. మీది వంగుతోందంటే చీలను ఒకే పక్క పట్టించి ఉంటారు, లేదా చెవుల మధ్య ఖాళీ ఎక్కువ ఉండి ఉంటుంది. రెండు పక్కలా 8 మి.మీ. చెవులు పెట్టండి, దవడకూ చెవికీ మధ్య ఒక్కో వాచరు మందం కంటే ఖాళీ ఉంచకండి. బోల్టు 8.8 రకం తీసుకోండి, తల మీద ఆ అంకె ఉంటుంది. మర కట్టు భాగం చెవి బయటే ఉండాలి. మర గాడి చెవి లోపలికి వస్తే తెగేది అక్కడే.

రంధ్రం 16.5 మి.మీ. వేయండి. బిగుతుగా వేస్తే దుమ్ము చేరి పట్టేస్తుంది. గ్రీజు పూయకండి, ఇసుకను పిలిచి కూర్చోబెడుతుంది. సాయంత్రం దులిపి, రెండు చుక్కల పలచటి నూనె వేసి తుడిచేయండి.

*

ప్రశ్న: మాది నల్లరేగడి. మొక్క లేవదు, పనిముట్టు పాదమే మట్టిలో దిగిపోతుంది. – ఒక రైతు, ఆదోని

జవాబు: 433 కిలోల లాగుడూ, మీరు నొక్కే 50 కిలోలూ కలిసి పాదం మీద పడతాయి. 250×150 మి.మీ. పాదమైతే చదరపు సెం.మీ.కు 1.3 కిలోలు. తడి రేగడి దాన్ని మోయదు. పాదాన్ని శాశ్వతంగా పెద్దది చేస్తే మోత పెరుగుతుంది, కంపల మధ్య దూరదు. 400×250 మి.మీ. చెక్కపలక, 40 మి.మీ. మందం, విడిగా పెట్టుకుని కింద వేయండి. ఒత్తిడి అరకిలోకు దిగుతుంది. పలక నారు మనిషి నిలబడే వైపు నుంచి మొక్క వైపుకు పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే మధ్యకు చీలుతుంది. పాదం ప్లేటు 6 మి.మీ., కింద రెండు 25×5 పట్టీలు నిలువుగా అతకండి. ఉత్త 6 మి.మీ. ప్లేటు పళ్లెంలా వంగుతుంది.

వాన పడ్డ మరునాడే రేగడిలోకి దిగకండి. మట్టి కాలికి అంటుకోవడం మానే దాకా నాలుగైదు రోజులు ఆగండి. ఎర్ర చెలకల్లో ఒకటి రెండు రోజులకే పని మొదలుపెట్టవచ్చు.

*

ప్రశ్న: మా పొదుపు సంఘం ఆడవాళ్లు ఎనిమిది కిలోల పనిముట్టు రోజంతా మోయలేమంటున్నారు. అల్యూమినియంతో చేయించవచ్చా? – సంఘం నాయకురాలు, సింగరాయకొండ

జవాబు: అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు అన్నది నిజం. బిగుతు కూడా మూడో వంతే. 80 కిలోలకు 28 మి.మీ. ఊగే మన చదరపు పైపు, అదే కొలత అల్యూమినియంలో 80 మి.మీ. ఊగుతుంది. వేరు మీదికి పోవాల్సిన లాగుడు ఊగడంలోనే పోయినట్టు అనిపిస్తుంది. 6061 టి6 లాంటి మంచి రకం కూడా వెల్డు చేసిన చోట సగం దాకా బలం పోగొట్టుకుంటుంది. పైగా పదే పదే ఊగే పనిలో అల్యూమినియంకు అలసట ఎక్కువ. ఊళ్లో బాగు చేసేవాళ్లూ ఉండరు.

మోత తగ్గించే దారి లోహం మార్చడం కాదు, పని మార్చడం. 25 మి.మీ. లోపు మొక్కలకు వేరే చిన్న పనిముట్టు చేయించండి: 32×32×2.6 చదరపు పైపు, ఆనిక నుంచి పట్టు దాకా ఒక మీటరు, దవడ 12 సెం.మీ. దూరంలో, దవడ ప్లేటు 8 మి.మీ., పాదం 200×120×5. మొత్తం నాలుగున్నర కిలోల దగ్గర తేలుతుంది. 60 కిలోలు వేసి లాగినా పైపు మీద ఒత్తిడి 212, తట్టుకుంటుంది. పదిమంది బృందానికి ఇలాంటివి ఏడు, పెద్దవి మూడు ఉంటే పని సాగుతుంది. మేకలు కాయలు తిని పెంటికలతో చల్లిన చోట మొలిచేవి ఎక్కువగా చిన్న మొక్కలే.

పెద్దదాన్ని బస్సులో తీసుకుపోవాలంటే ఒక ఉపాయం. 40×40×3 లోపలి ఖాళీ 34 మి.మీ. అందులో 32×32 దూరుతుంది. కింద 60 సెం.మీ. పెద్ద పైపు, పైన చిన్నది, 20 సెం.మీ. లోపలికి దూర్చి పక్క ముఖాల గుండా రెండు 10 మి.మీ. బోల్టులు వేయండి. పైకి పోయేకొద్దీ వంపు బలం తగ్గుతుంది కాబట్టి చిన్న పైపు అక్కడ సరిపోతుంది. ఖాళీ నిండడానికి 1 మి.మీ. రేకు ముక్కలు పెట్టండి. పెద్ద పైపు లోపల వెల్డు గీత ఉబ్బుగా ఉంటుంది, దాన్ని ముందే ఆకురాయితో తీయకపోతే దూరదు. బరువు మాత్రం దీనివల్ల పావు కిలోకు మించి తగ్గదు.

*

ప్రశ్న: గొడ్డలికీ పారకూ కర్ర పిడి ఉన్నప్పుడు దీనికెందుకు పెట్టకూడదు? చేతికి చల్లగా ఉంటుంది. – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: గొడ్డలి పిడి దెబ్బ అదురును తినాలి, అందుకు కర్రను మించినది లేదు. చిరుమాను గానీ నల్లతుమ్మ గానీ నారు కొస నుంచి కొసకు తెగకుండా పోయే ముక్క, ఏడాది నీడన ఆరినది తీసుకోండి. లివరు పని వేరు. 45 మి.మీ. గుండ్రటి పిడి మీద 70 కిలోలకు వచ్చే ఒత్తిడి 100. మేలైన కర్ర విరిగేది కూడా ఆ చుట్టుపక్కలే. కర్ర వంగి హెచ్చరించదు, ఈటెలా చీలి విరుగుతుంది. 60 మి.మీ. వేస్తే బలం సరిపోతుంది గానీ చేతికి పట్టదు.

చల్లదనానికి చేతిపట్టు దగ్గర 30 సెం.మీ. మేర పాత సైకిలు ట్యూబు ముక్క తొడగండి. ఎండాకాలం ఉత్త ఇనుము బొబ్బలెక్కిస్తుంది.

*

ప్రశ్న: అడవిలో పులికంప తీయడానికి ఇదే లివరు వాడితే కొమ్మలు పటపటా విరుగుతున్నాయి తప్ప మొదలు రావడం లేదు. – వన సంరక్షణ సమితి సభ్యులు, నల్లమల అంచు గ్రామం

జవాబు: పులికంప, అంటే లాంటానా, తుమ్మలా ఒక కాండం మొక్క కాదు. ఒకే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే అదొక్కటే ఊడి వస్తుంది. దీనికి లివరు కాదు, కోసే పనిముట్టు కావాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం చూపిన పద్ధతి ఇదే: నేలకు 3 నుంచి 5 సెం.మీ. కింద, చిగురు పుట్టే మెడ భాగానికి దిగువన తల్లివేరును కోసి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టడం. వేళ్లు గాలికి ఎండిపోతాయి, మళ్లీ నేలను పట్టవు.

పనిముట్టు 75 మి.మీ. వెడల్పు, 180 మి.మీ. పొడవున్న పలుగు రేకు. కమాను పట్టీ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, పైన కమ్మరికి చెప్పినట్టే నూనెలో. కాకపోతే పెళుసు తీసేటప్పుడు ఊదా రంగు దాటి నీలం మొదలవగానే ఆపండి, కోసే అంచు కదా. అంచు కోణం 30 డిగ్రీలు, ఒక పక్కే పదును. అంతకన్నా సన్నం చేస్తే రాయికి అంచు మడుస్తుంది. కర్ర పిడి 1.2 మీటర్లు, ఇక్కడ కర్రే మేలు.

తుమ్మలో కూడా లాగేటప్పుడు వేరు మధ్యలో తెగితే ఇదే పలుగుతో కనీసం 20 సెం.మీ. లోతున కోసి తీయండి. మెడ నేలలో మిగిలితే శ్రమంతా పోయినట్టే.

*

ప్రశ్న: షికాగో దగ్గర ఉంటాం. ఇక్కడ బక్‌థార్న్ పొదలు తీసే వాలంటీర్లకు ఇదే కొలతలతో చేయిస్తాను. మీరు చెప్పిన ఇనుము ఇక్కడ ఏ పేరుతో అడగాలి? – ఒక పాఠకుడు, ఇల్లినాయి

జవాబు: ఇ250 ప్లేటుకు బదులు ఎ36, ఇ.ఎన్.8కు బదులు 1040, చదరపు పైపు ఎ500 రకంలో ఒకటిన్నర అంగుళం, గోడ ఎనిమిదో వంతు అంగుళం. అది మన 40×40×3 కంటే కొలతలో కాస్త తక్కువ, కానీ ఎ500 ఉక్కు బలం ఎక్కువ కాబట్టి సరిపోతుంది. బోల్టు గ్రేడ్ 5 అడగండి. బక్‌థార్న్ వేళ్లు ఎక్కువగా పైపైనే పాకుతాయి, అందుకని తుమ్మ కంటే లావు మొదలు కూడా లేస్తుంది. పాదం మాత్రం వెడల్పుగా పెట్టండి, అక్కడి అడవి నేల మెత్తన.

*

ప్రశ్న: పౌడర్ కోటింగు చేయించాలా, మామూలు రంగు చాలా? – ఒక పాఠకురాలు, బాపట్ల

జవాబు: రెడ్ ఆక్సైడ్ ఒక పూత, మీద ఎనామిల్ రెండు పూతలు చాలు. ఎలాగూ కంపలు గీకేస్తాయి, మామూలు రంగైతే మళ్లీ ఇంట్లోనే పూసుకోవచ్చు. పసుపో నారింజో వేయండి, పొదల్లో వదిలేస్తే కనపడుతుంది. మీది ఉప్పు గాలి ప్రాంతం కాబట్టి లోపలి తుప్పే అసలు భయం. పైపు పైకొసను రేకుతో పూర్తిగా మూసి, కింది కొస దగ్గర 5 మి.మీ. రంధ్రం వదలండి, చేరిన నీరు కారిపోతుంది. వేడి జింకు పూత పెట్టిద్దామనుకుంటే పైపు రెండు కొసల్లోనూ రంధ్రాలు తప్పనిసరి. మూసిన పైపును కరిగిన జింకులో ముంచితే లోపలి గాలి, తడి ఉబ్బి పేలుతుంది.

*

ప్రశ్న: చేయించిన పనిముట్టు సరిగ్గా ఉందో లేదో కూలీల చేతికి ఇచ్చే ముందు ఎలా తెలుసుకోవాలి? – గ్రామ పంచాయతీ కార్యదర్శి, మక్తల్ మండలం

జవాబు: పాదాన్ని బరువైన దిమ్మకు బోల్టులతో బిగించండి. దవడల్లో 40 మి.మీ. ఇనుప కడ్డీ పెట్టి, ఆ కడ్డీని కూడా కదలకుండా కట్టేయండి. పిడి నేలకు సమాంతరంగా ఉండాలి. చేతిపట్టు పక్కన ఒక స్కేలు నిలబెట్టి పిడి ఎత్తు గుర్తు పెట్టండి. ముందు 20 కిలోలు వేలాడదీసి తీసేయండి, సందులన్నీ సర్దుకుంటాయి. మళ్లీ గుర్తు పెట్టి, 50 కిలోల సిమెంటు బస్తా, 30 కిలోల ఇసుక సంచి కలిపి పట్టు దగ్గర వేలాడదీసి ఐదు నిమిషాలు ఉంచండి. 1.3 మీటర్ల 40×40×3 పిడి దాదాపు 28 మి.మీ. దిగుతుంది, కీళ్ల సందుల వల్ల ఇంకొంచెం. 40 దాటితే పైపు గోడ పలచనిదని అర్థం. బరువు తీశాక పిడి గుర్తుకు తిరిగి రావాలి. 2 మి.మీ. కంటే ఎక్కువ కిందే ఉండిపోతే దాన్ని తీసుకోకండి. తర్వాత వెల్డుల మీద కిరోసిన్, సుద్దపొడి పరీక్ష చేసి, చీల విప్పి చదునైన గాజు మీద దొర్లించి చూడండి. వంగి ఉంటే గాజుకూ దానికీ మధ్య వెలుతురు కనపడుతుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ పిడి కింద గానీ, పిడి ఊగే దారిలో గానీ ఎవరినీ నిలబడనివ్వకండి.